చదును గుడ్డకు ఒంటి వంపు ఎలా వస్తుంది?

1878 ఆగస్టులో పారిస్‌లో ఫ్రెంచి విజ్ఞాన సభలు జరిగాయి. రష్యా నుంచి వచ్చిన పఫ్నూతి చెబిషెవ్ ఆ సభల్లో ఉపన్యాసం ఇచ్చాడు. ప్రధాన సంఖ్యల మీద, సంభావ్యత మీద, యంత్రాల కీళ్ల మీద పనిచేసి అప్పటికే యూరప్ అంతటా పేరు తెచ్చుకున్న గణితజ్ఞుడాయన. ఆ రోజు ఎంచుకున్న అంశం మాత్రం బట్టలు కత్తిరించడం. "సౌలభ్యం కోసం మనిషి ఒళ్లు గుండ్రటి బంతిలా ఉంటుందనుకుందాం" అని ఆయన మొదలుపెట్టగానే వినడానికి వచ్చిన దర్జీలంతా లేచి వెళ్లిపోయారని గణితజ్ఞుల మధ్య ఓ చెణుకు తిరుగుతుంటుంది.

చెణుకు మాట ఎలా ఉన్నా, ఆయన పట్టుకున్న ప్రశ్న గట్టిదే. మగ్గం దిగిన గుడ్డ చదునుగా ఉంటుంది. ఒంట్లో చదునైన చోటంటూ ఉండదు. అలాంటి గుడ్డను అలాంటి ఒంటి మీద ముడత పడకుండా, బిగుసుకోకుండా కూర్చోబెట్టడం ఎలా? గణితం ఈ ప్రశ్న వేసుకోవడానికి చాలా ముందే దర్జీలు దీనికి చేత్తో జవాబు చెప్పేశారు. ఆ జవాబును తరాల తరబడి సానపట్టిన వీధి లండన్‌లో ఉంది. దాని పేరు సావిల్ రో. అక్కడ ఒక కోటు ఎలా తయారవుతుందో గమనిస్తే జ్యామితి, రసాయనం, పదార్థ విజ్ఞానం ఒకే బల్ల మీద కనిపిస్తాయి.

గోపురాలు, జీనులు

వంపు తిరిగిన తలాల గురించి జర్మన్ గణితజ్ఞుడు గౌస్ 1827లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. ఒక తలాన్ని సాగదీయకుండా, చింపకుండా ఎంత వంచినా దాని సహజమైన వక్రత మారదన్నది దాని సారాంశం. కాగితాన్ని గొట్టంలా చుట్టవచ్చు, పొట్లం కట్టవచ్చు. బంతికి మాత్రం ముడత లేకుండా తొడగలేం. ప్రపంచ పటం ఏదైనా దూరాల్లోనో వైశాల్యాల్లోనో ఎక్కడో ఒకచోట తప్పు చూపక తప్పనిది ఇందుకే.

ఒంటి విషయానికొస్తే చేతులు, కాళ్లు దాదాపు గొట్టాలే కాబట్టి వాటితో పెద్ద పేచీ లేదు. చిక్కంతా రెండు దిక్కుల్లోనూ వంపు తిరిగే చోట్ల వస్తుంది. వీపు మీద భుజపుటెముకలు, ఛాతీ, భుజం కొస, ఇవన్నీ చిన్న చిన్న గోపురాలు. వాటి మీద గుండ్రటి గుడ్డ ముక్క పరిస్తే మధ్యలో సరిపోతుంది, అంచుల దగ్గర మిగిలిపోయి ముడతలు పడుతుంది. నడుం పక్కభాగం, మెడ భుజాన్ని కలిసే చోటు గుర్రపు జీను ఆకారంలో ఉంటాయి. ఒక దిక్కున బయటికి, మరో దిక్కున లోపలికి వంగుతాయి. అక్కడ అదే గుడ్డ పరిస్తే అంచులు చాలక లాగినట్టుంటుంది. అంటే గోపురం మీద అంచును తగ్గించాలి, జీను మీద అంచును పెంచాలి. కోటు కుట్టేవాడి పని అంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

మన చీర, పంచె ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నాయి. కుట్టే లేదు కాబట్టి మిగిలిన గుడ్డ కుచ్చిళ్లలోకి పోతుంది. ఒంటికి అతికినట్టుండాల్సిన బట్టకు ఆ వెసులుబాటు లేదు. దానికి దర్జీ నాలుగు దారులు పట్టాడు. కత్తిరించి కలిపి కుట్టడం మొదటిది. గుడ్డను ఐమూలగా వాడటం రెండోది. ఆవిరితో, వేడితో దాని ఆకారం మార్చడం మూడోది. పొరలను వంచి పట్టి కుట్లతో ఆ వంపును బిగించడం నాలుగోది.

మొదటి రెండూ మన ఊళ్లలో జాకెట్లు కుట్టేవాళ్లకు కొట్టినపిండి. డాట్ వేయడమంటే అంచున మిగిలిన గుడ్డను కోణంలా మడిచి కుట్టి గోపురాన్ని తేవడమే. ఇక క్రాస్ కటింగ్. చేతిరుమాలును పడుగు వెంబడి లాగండి, సాగదు. పేక వెంబడి లాగినా అంతే. మూల నుంచి మూలకు లాగితే చటుక్కున సాగుతుంది. నిజానికి అక్కడ పోగులేవీ సాగలేదు. పడుగూ పేకా కలిసే చోట లంబకోణం వాలిపోయి, చదరపు గళ్లు డైమండు గళ్లయ్యాయి. చెబిషెవ్ ఉపన్యాసంలోని గణితమంతా దీని మీదే నడిచింది. పోగుల పొడవు మారదు, వాటి మధ్య కోణం మాత్రమే మారుతుంది అనుకుంటే ఏ ఆకారం మీద గుడ్డ ఎలా పరుచుకుంటుందో లెక్క కట్టవచ్చని ఆయన చూపించాడు. విమానాల భాగాలకు, రేసు కార్లకు అచ్చుల మీద కార్బన్ నేతను పరిచే ఇంజనీర్లు ఇవాళ వాడే కంప్యూటర్ పద్ధతుల్లో కొన్నింటికి ఆ లెక్కే పునాది.

వీధి, దాని ఇళ్లు

సావిల్ రో మేఫెయిర్ ప్రాంతంలో పొట్టి వీధి. బర్లింగ్టన్ ప్రభువు ఎస్టేటులో భాగంగా 1730లలో కట్టారు. ప్రభువు భార్య డొరొతీ సావిల్ ఇంటిపేరే వీధికి పెట్టారు. మొదట అది సైనికాధికారులు, పెద్దమనుషులు కాపురమున్న వీధి. 1806లో బట్టల వ్యాపారం మొదలుపెట్టిన జేమ్స్ పూల్ పక్కనున్న ఓల్డ్ బర్లింగ్టన్ వీధికి చేరాడు. 1846లో తండ్రి తర్వాత దుకాణం చేపట్టిన హెన్రీ పూల్ తలుపును సావిల్ రో వైపు తెరిచాడు. ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్, చార్లెస్ డికెన్స్, విన్‌స్టన్ చర్చిల్ ఆ దుకాణం ఖాతాదారులు. సాయంత్రపు విందుల్లో వేసుకోవడానికి 1865లో వేల్స్ యువరాజుకు కుట్టిన పొట్టి కోటే తర్వాత టక్సీడోగా ప్రపంచమంతా పాకిందని హెన్రీ పూల్ దుకాణంవాళ్లు చెబుతారు.

ఒక్కో దర్జీ ఇంటిది ఒక్కో వాటం. సైన్యానికి, నౌకాదళానికి యూనిఫారాలు కుట్టిన రెండు పాత సంస్థలు 1974లో కలిసి గీవ్స్ అండ్ హాక్స్ అయ్యాయి. ఒకటో నంబరు భవనంలో నడిచిన ఆ ఇంటి కట్‌లో సైనిక ఠీవి ఉంటుంది. హంట్స్‌మన్ గుర్రపుస్వారీ దుస్తుల దారిలో వచ్చింది. 1906లో పెట్టిన అండర్సన్ అండ్ షెపర్డ్ వాళ్లది మెత్తటి భుజం, ఛాతీ మీద కాస్త వదులుగా జారే గుడ్డ. 1969లో టామీ నటర్ కాలరు కింద ఛాతీ మీద వెనక్కి మడిచే లేపెళ్లను వెడల్పు చేసి వీధి మర్యాదనే తిరగేశాడు. అదే ఏడాది వచ్చిన 'అబీ రోడ్' ఆల్బమ్ అట్ట మీద రోడ్డు దాటుతున్న నలుగురు బీటిల్స్‌లో ముగ్గురివి ఆయన కుట్టిన సూట్లే.

లండన్‌కు చదువుకోవడానికి వెళ్లిన గాంధీ కూడా ఈ చుట్టుపక్కలే సూటు కుట్టించుకున్నారు. సావిల్ రోకు కూతవేటు దూరంలోని బాండ్ స్ట్రీట్‌లో సాయంత్రపు సూటుకు పది పౌండ్లు తగలేశానని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

ఈ ఇళ్లలో పని పంపకం కచ్చితంగా ఉంటుంది. కొలతలు తీసి, కాగితం మీద గీసి, గుడ్డ కత్తిరించేది కటింగ్ మాస్టర్. కోటు కుట్టేవారు వేరు, ప్యాంటు కుట్టేవారు వేరు, వెయిస్ట్‌కోటు కుట్టేవారు వేరు. కాజాలు, లైనింగ్ పూర్తిచేసేవారు మరొకరు, చివరి ఇస్త్రీ ఇంకొకరిది. చాలా ఇళ్లలో వీధి మట్టానికి దిగువనున్న గదుల్లో, కిటికీ వెలుతురు పడే బల్లల దగ్గర ఈ పని సాగుతుంది. కోటు కుట్టడం నేర్చుకోవడానికే మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. 2004లో ఏర్పడిన సావిల్ రో బిస్పోక్ అసోసియేషన్ రెండు ముక్కల సూటుకు కనీసం 50 గంటల చేతిపని ఉండాలని నియమం పెట్టుకుంది. శతాబ్దాల పాటు మగవాళ్ల రాజ్యంగా సాగిన ఈ వీధిలో గీవ్స్ అండ్ హాక్స్‌కు 2009లో క్యాథరిన్ సార్జెంట్ ప్రధాన కటింగ్ మాస్టర్ అయ్యారు. 2016లో తన పేరుతోనే అక్కడ దుకాణం తెరిచారు.

కొలతలు చెప్పనివి

టేపు వయసు మనం అనుకునేంత కాదు. 19వ శతాబ్దం మొదలయ్యేదాకా దర్జీలు మనిషికొక పొడవాటి కాగితపు పట్టీ పెట్టుకుని, ఛాతీకి ఒక గాటు, చేతికి ఒక గాటు పెట్టి, దాని మీద పేరు రాసి దాచేవారు. అంగుళాల టేపు వచ్చాక కొలతలన్నీ అంకెలయ్యాయి. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒంటి కొలతల మధ్య నిష్పత్తులు కనిపించాయి. ఛాతీ చుట్టుకొలతను ఆధారం చేసుకుని వీపు వెడల్పు, చంక లోతు లెక్కగట్టే పద్ధతులు అలా పుట్టాయి. రెడీమేడ్ సైజుల వ్యాపారానికీ అవే దారి వేశాయి.

అయితే ఛాతీ 40 అంగుళాలున్న ఇద్దరు మనుషులు ఒకేలా ఉండరు. ఒకరు ఛాతీ విరుచుకుని నిలబడతారు, మరొకరికి వీపు గూను. చాలామందికి ఒక భుజం రెండోదానికంటే దిగి ఉంటుంది. టేపు పొడవులే చెబుతుంది, వంపులు చెప్పదు. అందుకే సావిల్ రోలో ఇరవైకి పైగా కొలతలు తీస్తూనే, మాస్టర్ కళ్లు మనిషి నిలబడే తీరు మీద ఉంటాయి. కుడి భుజం వాలు, గూను, దొడ్డికాళ్లు, ఇవన్నీ పొడి అక్షరాల సంకేతాలతో పుస్తకంలో ఎక్కుతాయి. ఖాతాదారు ఆ పేజీ చూసినా నొచ్చుకోకుండా ఆ జాగ్రత్త.

ఆ తర్వాత మందపాటి గోధుమరంగు కాగితం మీద మనిషి రూపం విడివిడి ముక్కలుగా గీస్తారు. ఒకరి కోసం గీసిన కాగితం మరొకరికి పనికిరాదు. వాటిని కత్తిరించి, కట్టకట్టి, పేరు రాసి కొక్కేలకు వేలాడదీస్తారు. మనిషి ఒళ్లు చేసినా చిక్కినా కాగితాన్ని దిద్దుతారు తప్ప పారేయరు. అంకెల మీద ఆధారపడక కంటి అంచనాతో గీత గీయడం అక్కడి పెద్ద మాస్టర్ల విద్య. కాగితం లేకుండా నేరుగా గుడ్డ మీదే సుద్దతో గీసి కత్తెర పెట్టే మన పాతకాలపు దర్జీల విద్యా అదే కోవలోది.

ఉన్ని మాట వింటుంది

సావిల్ రో విద్యంతా ఉన్ని గుడ్డ మీద ఆధారపడింది. 18వ శతాబ్దపు దర్బారుల్లో పట్టు, జరీ పని గొప్ప. ఆ తర్వాత ఇంగ్లండులో అలంకారం తగ్గి కట్‌కు విలువ పెరిగింది. అప్పుడు ఉన్ని రంగంలోకి వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద పట్టుకు లేని గుణం దానికుంది. ఆవిరి పెట్టి ఒకచోట కుదించవచ్చు, మరోచోట సాగదీయవచ్చు. గోపురం, జీను సమస్యకు మూడో దారి ఇదే.

కారణం ఉన్నిపోగు లోపల ఉంది. ఉన్ని, మన వెంట్రుక, గోరు అన్నీ కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారైనవే. ఆ ప్రోటీను గొలుసులు స్ప్రింగులా మెలితిరిగి ఉంటాయి. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో 1930లలో విలియం ఆస్ట్‌బరీ ఉన్నిపోగుల గుండా ఎక్స్‌రేలు పంపి చూశాడు. మామూలుగా ఉన్నప్పుడు ఒక అమరిక, ఆవిరిలో సాగదీసినప్పుడు మరో అమరిక కనిపించాయి. ప్రోటీన్ల ఆకృతిని అర్థం చేసుకోవడంలో అది తొలి అడుగుల్లో ఒకటి. అదే ఊళ్లోని ఉన్ని పరిశోధన సంస్థలో ఉన్నిలోని అమైనో ఆమ్లాలను విడదీసే ప్రయత్నంలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ 1941లో కొత్త రకం క్రొమటోగ్రఫీ కనిపెట్టి, 1952లో రసాయన నోబెల్ అందుకున్నారు. సూటు గుడ్డ కోసం మొదలైన పరిశోధన జీవరసాయన శాస్త్రానికి పనిముట్టు ఇచ్చి వెళ్లింది.

కెరాటిన్ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టి ఉంచేవి ప్రధానంగా రెండు రకాల బంధాలు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. గంధకపు పరమాణువులు జతకట్టిన బంధాలు గట్టివి. నీటి అణువులు పోగులోకి చొరబడితే హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, పోగు మెత్తబడుతుంది. పొడి ఉన్ని ఇలా మెత్తబడాలంటే 150 డిగ్రీల సెల్సియస్ పైమాటే కావాలి. బాగా తడిసిన ఉన్నికి గది వేడి చాలు. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెట్టడంలోని కిటుకు ఇదే. నీరు బంధాలను విప్పుతుంది, వేడి ఆ పనిని వేగం చేస్తుంది, పోగు కొత్త ఆకారంలోకి వస్తుంది. ఆరి చల్లబడ్డాక బంధాలు ఆ కొత్త చోటే మళ్లీ ముడిపడతాయి.

తడి జుట్టును చుట్టి ఆరబెడితే వంకీలు నిలుస్తాయి, మళ్లీ తడిస్తే పోతాయి. సాధారణ ఇస్త్రీ ఆకారమూ అంతే. గంధకపు బంధాలను కూడా కదిలించగలిగితే ఆకారం శాశ్వతంగా నిలుస్తుంది. బ్యూటీ పార్లర్లలో రసాయనాలతో జుట్టును శాశ్వతంగా వంకీలు తిప్పడం ఆ పనే. మామూలు ఇస్త్రీకి ఆ శాశ్వతత్వం లేదు, సూటును బకెట్లో నానబెట్టకూడదని చెప్పేది అందుకే. ఇస్త్రీతో తెచ్చిన ఆకారమంతా ఆ నీళ్లలోనే పోతుంది. అదే కారణంగా, నలిగిన ఉన్నికోటును వేడినీళ్ల ఆవిరి నిండిన స్నానాలగదిలో కాసేపు వేలాడదీస్తే ముడతలు చాలావరకు వాటంతటవే పోతాయి.

బల్ల మీద ఇది ఎలా ఉంటుందో చూద్దాం. కోటు వీపు భాగం భుజం కుట్టు దగ్గర ముందు భాగం కంటే కాస్త పొడవుగా కత్తిరిస్తారు. ఆ ఎక్కువ గుడ్డను మడత పడనీయకుండా చిన్నచిన్న అలలుగా కూర్చి కచ్చా కుట్టు వేస్తారు. తడిపి బరువైన ఇస్త్రీపెట్టె ఆనిస్తే అలలు ఆవిరితో పాటు మాయమవుతాయి. అంచు కుదించుకుపోయి, దాని కింద భుజపుటెముకకు సరిపడా గోపురం లేస్తుంది. డాట్ లేదు, కుట్టు లేదు, వంపు మాత్రం వచ్చింది. నడుం దగ్గర దీనికి ఎదురుపని. పక్క అంచును ఆవిరి పెడుతూ సాగదీస్తే అక్కడ జీను ఏర్పడుతుంది. గౌస్ చెప్పిన సాగదీయడం, కుదించడం అన్న షరతును దర్జీ ఇలా తీరుస్తాడు. పాలియెస్టర్ ఈ ఆవిరికి లొంగదు. నూలు నలుగుతుంది గానీ ఇలా కుదించుకుని వంపు తిరగదు.

కోటు లోపలి కోటు

పైకి కనిపించే గుడ్డకూ లోపలి లైనింగ్‌కూ మధ్య మూడో పొర ఒకటి ఉంటుంది. కోటు ఛాతీకి నిలకడ దానివల్లే వస్తుంది. అది కాన్వాస్. ఉన్ని లేదా నూలు పడుగులో గుర్రపుతోక వెంట్రుకలను పేకగా వేసి నేసిన ముక్కను ఛాతీ మీద అదనంగా వేస్తారు. గుర్రపు వెంట్రుక సన్నటి స్ప్రింగు. అడ్డంగా వంచితే తిరిగి లేస్తుంది. పడుగు వైపు మాత్రం మెత్తగా ఒంటితో పాటు వాలుతుంది. ఒక దిక్కున బిగి, మరో దిక్కున ఒదుగు, కోటు ఛాతీకి సరిగ్గా కావలసినవి ఈ రెండే.

ఈ కాన్వాస్‌ను పైగుడ్డకు పట్టించే పనిలో లేపెల్ దగ్గర చేయి చూడాలి. కుట్టేవారు లేపెల్‌ను ఎడమచేతి చూపుడువేలి మీద వంచి పట్టుకుంటారు. కాన్వాస్ పైన, గుడ్డ కింద. సూది కాన్వాస్‌లో దిగి, గుడ్డలో ఒకటి రెండు పోగులను మాత్రమే తాకి పైకి వస్తుంది. గుడ్డ ముఖం మీద కుట్టు కనిపించకూడదు కదా. ఏటవాలు కుట్లు వరసలు వరసలుగా పడుతుంటాయి. వేలి మీద వంగి ఉన్నప్పుడు రెండు పొరల పొడవు ఒకటి కాదు, లోపలి వంపు పొర పొట్టిది, బయటి వంపు పొర పొడుగుది. ఆ స్వల్ప తేడాను ప్రతి కుట్టూ అక్కడికక్కడే బిగించేస్తుంది. వందల కుట్లు పడ్డాక వేలు తీసేసినా లేపెల్ తిరిగి చదును కాదు, బల్ల మీద పెడితే తనంతట తానే చుట్టుకుంటుంది. ఇస్త్రీతో తెచ్చిన మడతలా అది ఆవిరికి పోదు. దర్జీ పట్టిన నాలుగో దారి ఇది.

గత శతాబ్దం రెండో సగంలో దీనికి చవక మార్గం వచ్చింది. కాన్వాస్‌కు బదులు జిగురు పూసిన పొరను వేడి ప్రెస్సుతో క్షణాల్లో అతికించేస్తున్నారు. మార్కెట్లో దొరికే కోట్లలో ఎక్కువభాగం ఇవే. మొదట్లో బాగానే ఉంటాయి. డ్రైక్లీనింగ్ ద్రావణాలు, వేడి తగిలిన కొద్దీ జిగురు పట్టు తప్పుతుంది. రెండు పొరలూ ఒకే తీరున కుదించుకోవు కాబట్టి ఛాతీ మీద బుడగలు లేస్తాయి. కుట్టు పొరలను కాస్త కదలనిస్తుంది, జిగురు కదలనివ్వదు. మన్నికలో తేడా అక్కడ వస్తుంది.

చంక దగ్గరి లెక్క

చెయ్యి ఎత్తగానే కోటు మొత్తం పైకి లేచి మెడ దగ్గర ఎగదన్నుతోందా? చాలామంది చంక బిగుతైందనుకుని ఇంకా లోతుగా కత్తిరించమంటారు. తప్పు అక్కడే జరుగుతుంది. చెయ్యి భుజం కీలు చుట్టూ తిరుగుతుంది. చంక కుట్టు ఆ కీలుకు ఎంత దగ్గరగా ఉంటే, చెయ్యి కదిలినప్పుడు కోటు మొండెం అంత తక్కువ కదులుతుంది. లోతుగా దింపితే చేతి గుడ్డ కోటు పక్కభాగాన్ని పట్టుకుని పైకి ఈడుస్తుంది. అందుకే మంచి మాస్టర్లు చంకను చిన్నగా, ఎత్తులో పెడతారు. ఫ్రెడ్ ఆస్టేర్ సినిమాల్లో చేతులు చాచి నాట్యం చేస్తున్నప్పుడు చూడండి, కాలరు మెడను వదలదు. ఆయన అండర్సన్ అండ్ షెపర్డ్ ఖాతాదారు.

చేతి పైఅంచు కూడా చంక చుట్టుకొలత కంటే అంగుళంన్నర, రెండంగుళాలు పెద్దదిగా ఉంటుంది. ఆ ఎక్కువను ఆవిరితో కుదించి ముడత కనపడకుండా చంకలోకి కూర్చాలి. భుజం కొస గోపురం దానితోనే వస్తుంది. కోటు కుట్టేవారి చేయి ఎంత తిరిగిందో చెప్పాలంటే అనుభవజ్ఞులు ముందు చూసేది ఈ కుట్టునే.

ముడతలు చదవడం

బిస్పోక్ కోటుకు, అంటే ఒక్క మనిషి కోసమే గీసి కుట్టే కోటుకు, కనీసం రెండు మూడు ట్రయల్స్ ఉంటాయి. మొదటి ట్రయల్‌కు కోటు అంతా తెల్లదారపు కచ్చా కుట్ల మీద నిలబడి ఉంటుంది. మాస్టర్ సుద్ద పట్టుకుని మనిషి చుట్టూ తిరుగుతూ ముడతలు చదువుతాడు. మెడ కింద వీపు మీద అడ్డంగా ముడత పడితే భుజాలు కట్ చేసిన వాలు కంటే ఎత్తుగా ఉన్నాయని, లేదా మనిషి మరీ నిటారుగా నిలబడతాడని అర్థం. మెడ నుంచి చంక వైపు ఏటవాలుగా జారితే భుజం వాలు ఎక్కువని. బొత్తం చుట్టూ ఎక్స్ ఆకారంలో లాగితే నడుం బిగుతని. ఇంజనీరు వంతెన మీద ఒత్తిడి గీతలు చూసే చూపే ఇది. గీతలు గీసి, చెయ్యి ఊడదీసి, కాస్త తిప్పి గుండుసూదులు గుచ్చి, మళ్లీ ముక్కలుగా విప్పి బల్ల మీదికి పంపిస్తారు. కుట్ల లోపల అంగుళం మేర మార్జిన్ గుడ్డ వదులుతారు కాబట్టి పదేళ్లకు మనిషి లావైనా కోటు పెరుగుతుంది.

చేతి స్పర్శనూ కొలిచినవాళ్లున్నారు. మంచి సూటు గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి చెప్పే నిపుణుల తీర్పును అంకెల్లో పెట్టాలని 1970లలో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో సుయెయో కవబాటా పూనుకున్నాడు. గుడ్డ ఎంత తేలిగ్గా వంగుతుంది, ఐమూలగా ఎంత జారుతుంది, ఎంత నొక్కుకుంటుంది, ఉపరితలం ఎంత నునుపు అన్నవాటిని అతి స్వల్ప బలాలతో కొలిచే యంత్రాలు తయారుచేసి, 16 అంకెల్లో గుడ్డ గుణమంతా ఇమిడ్చాడు. నిపుణుల వేళ్లు ఇచ్చిన మార్కులతో ఆ అంకెలను సరిపోల్చి సూత్రాలు కట్టాడు. వేళ్లకు తెలిసింది భ్రమ కాదని, అది భౌతికశాస్త్రమేనని దానితో తేలింది.

దుకాణాల్లో సూటు గుడ్డ అంచున కనిపించే 'సూపర్ 100', 'సూపర్ 120' అంకెల సంగతీ తెలుసుకోవాలి. అవి నాణ్యతకు మార్కులు కావు, పోగు సన్నదనానికి గుర్తులు. అంతర్జాతీయ ఉన్ని సంస్థ నియమం ప్రకారం సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు. సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంకె పెరిగిన కొద్దీ గుడ్డ మెత్తన, మెరుపు. దానితో పాటే నలుగుడు, అరుగుడు కూడా ఎక్కువ. రోజూ వేసుకునే సూటుకు సూపర్ 100, 110 చాలు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ మీద ఆ అంకె అచ్చువేసి ఉంటే దానికి అర్థం లేదు.

ఎవరికి ఖర్చు, దేనికి

సావిల్ రోలో రెండు ముక్కల సూటు ఇవాళ 5 వేల పౌండ్ల పైమాటే, మన లెక్కలో 5 లక్షలు దాటుతుంది. అందులో గుడ్డ ఖరీదు కొంతే. మిగతాదంతా గంటలకు, ఆ గంటలు పెట్టగల చేతులకు, లండన్ అద్దెకు. శరీరాన్ని క్షణాల్లో స్కాన్ చేసే యంత్రాలు వచ్చాయి. అవి తలం కొలతలు తేలిగ్గా ఇస్తాయి. గుడ్డను ఎక్కడ అర అంగుళం కుదించాలో, ఎక్కడ సాగదీయాలో నిర్ణయించి చేత్తో చేసి చూపడం మాత్రం ఇంకా బల్ల దగ్గరే జరుగుతోంది.

ఆ 5 లక్షలు మనకు అక్కర్లేదు. కొలతలిచ్చి బట్టలు కుట్టించుకోవడం తెలుగునాట నిన్నమొన్నటిదాకా మామూలు మాట. ఆ చేతులు ఇంకా మన వీధుల్లో ఉన్నాయి. ఈసారి పెళ్లికో ఉద్యోగానికో కోటు కుట్టించుకునేటప్పుడు నాలుగు పనులు చేయండి. రేపటికల్లా కావాలని తొందరపెట్టకుండా రెండు మూడు వారాలు గడువివ్వండి. కచ్చా కుట్టు మీద ఒక ట్రయల్ అడిగి, అద్దం ముందు ఊరికే నిలబడకుండా చేతులెత్తి, కూర్చుని చూడండి. లోపల జిగురు పొర కాకుండా కాన్వాస్ వేయగలరా అని అడగండి. కుట్ల లోపల మార్జిన్ వదలమని చెప్పండి. ఇవన్నీ అడిగితే మాస్టర్ కూలీ పెంచుతాడు, అది న్యాయం కూడా. బేరమాడాలనిపిస్తే గుడ్డల కొట్లో ఆడండి, కుట్టు కూలీ దగ్గర వద్దు.